చావుల్లేని పంచాయతీ

చెంగయ్య చచ్చిపోయిన సంగతి ఊటగుంటపాలెంలో పంచాయతీ ఆఫీసుకు తప్ప అందరికీ తెలుసు.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు, పొద్దున ఎనిమిదింటికి, నిమ్మతోటలో పాదులు తీస్తూ తీస్తూ పార మీద చెయ్యానించి నిలబడ్డాడు. "ఏందోమే, గుండెల్లో పట్టేసినట్టుండాది" అన్నాడు. పెళ్లాం పెంచలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చేలోపల గట్టు మీద వెల్లకిలా పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. అరవై రెండేళ్ల మనిషి. చొక్కాకి నాలుగు గుండీలు పెట్టుకోవడానికి పావుగంట తీసుకునేవాడు. బతుకు మొత్తంలో అంత గబాల్న ముగించిన పని అదొక్కటే.

ఊరంతా వచ్చింది. వాళ్ల వంశంలో పూడ్చటమే ఆచారం కాబట్టి తోటలోనే దక్షిణం మూల పూడ్చారు. పదకొండో రోజు పెద్దకర్మ చేస్తే రెండొందల మంది తిని, సాంబారు బాగుందని చెప్పి వెళ్లారు. కాపురానికి దూరంగా ఉన్న కూతురు పన్నెండు రోజులుండి ఏడ్చి పోయింది. చెంగయ్యకు చిన్నాన్న కొడుకు రవణయ్య, పక్క తోట అతనిదే, బస్సు ఆగే చోట ఇంత పొడుగు ఫ్లెక్సీ కట్టించాడు. చేతికి దొరికింది కూతురి పెళ్లినాటి ఫొటో. అందుకని చెంగయ్య దండ వేసుకొని, నోట్లో ఉన్న కిళ్లీతో సహా పకపకా నవ్వుతూ, 'కన్నీటి వీడ్కోలు' అన్న అక్షరాల కింద మంచి హుషారుగా కనపడేవాడు.

ఇంతవరకూ పంచాయతీతో ఎవరికీ పని పడలేదు. కరెంటు వల్ల పడింది.

మార్చి మొదటి వారంలో లైన్‌మన్ ఖాజా తోటలోకి వచ్చి, బోరు దగ్గరున్న పెట్టె తెరిచి, మూడు ఫీజులూ పీకి జేబులో వేసుకున్నాడు.

"ఏం అబ్బయ్యా, చెట్టుకి నీళ్లు కట్టే యేళ చూసుకోనొచ్చినావా?" అంది పెంచలమ్మ.

"నేనేం జేసేదక్కా, పైనుంచి లిస్టొచ్చింది. బోరు సర్వీసు ఎవురి పేరు మీదుంటే ఆ మనిషి మా ఆఫీసుకొచ్చి యేలిముద్ర ఎయ్యాలంట. ఎయ్యనోళ్లవి పీకమన్నారు. చెంగన్నకి మూడుసార్లు మెసేజీ పంపించినారు."

"చచ్చిపోయినోడు యాడ చూస్తాడబ్బయ్యా మెసేజీ?"

"నాకు తెలీదా అక్కా? మోసింది నేనే గదా. కంప్యూటర్‌కి తెలీదు." ఖాజా గొంతు తగ్గించాడు. "పంచాయతీకి పోయి చావు కాయితం తెచ్చుకో. అది ఇస్తే సర్వీసు నీ పేరుకి మారస్తారు. ఆ రోజే వచ్చి పెట్టేస్తా. ఫీజులు యాడికీ పోవు, ఈ జేబులోనే ఏసుకోని తిరగతా."

నూట అరవై నిమ్మచెట్లు. పదేళ్ల వయసువి, మంచి కాపు మీదున్నవి. వారానికో తడి కావాలి. మార్చిలో నీళ్లాపితే ముందు పిందె రాలుతుంది, తర్వాత ఆకు రాలుతుంది, ఆ తర్వాత రాలడానికి చెట్టు తప్ప ఏమీ ఉండదు. వానల దాకా ఓపిక పట్టమని మనిషికైతే చెప్పొచ్చు. ఆ తోట తప్ప పెంచలమ్మకు సెంటు నేల వేరే లేదు. మర్నాడే చీర మార్చుకొని పంచాయతీ ఆఫీసుకు బయల్దేరింది.

ఆఫీసు గోడ మీద కొత్తగా పచ్చరంగు బోర్డొకటి ఉంది. 'సంపూర్ణాయుష్షు పంచాయతీల పోటీ. ఈ సంవత్సరం మా పంచాయతీలో మరణాలు: 0' అని రాసుంది. సున్నా చుట్టూ పూలు వేశారు.

ఆ పోటీ సంగతి కొంచెం చెప్పాలి. ఏ ఊరు ఎంత ఆరోగ్యంగా ఉందో కొలవాలని పైవాళ్లకు బుద్ధి పుట్టింది. కొలవాలంటే డాక్టర్లు కావాలి, మందులు కావాలి, ఊళ్లు తిరగాలి. అదంతా ఎందుకు, ప్రతి పంచాయతీలో మరణాల రిజిస్టరు ఉండనే ఉంది గదా, అందులో ఎంత తక్కువ రాసుంటే ఆ ఊరు అంత ఆరోగ్యంగా ఉన్నట్టు అని తేల్చారు. అన్నిట్లోకీ తక్కువొచ్చిన పంచాయతీకి పురస్కారం, కార్యదర్శికి ప్రమోషన్. మొదటి ఏడాది కార్యదర్శులు ఊళ్లు తిరిగి జనాన్ని ఆరోగ్యం చూసుకోమని చెప్పారు. రెండో ఏటికి రిజిస్టరు చూసుకుంటే చాలని అర్థమైంది.

ఊటగుంటపాలెం కార్యదర్శి పేరు దయాసాగర్. ముప్పై నాలుగేళ్లుంటాయి. నోరు తెరిస్తే ఆఫీసు కాయితం చదివినట్టే ఉంటుంది. ఇంట్లో పెళ్లాన్ని మంచినీళ్లు అడగాలన్నా 'ఇందుమూలముగా' అని మొదలు పెడతాడని ఊళ్లో చెప్పుకుంటారు.

"నమస్కారం నాయనా. మా ఆయన చావు కాయితం కావాల."

దయాసాగర్ లేచి కిటికీ మూశాడు. "మెల్లగా అమ్మా. పోటీ ముగియు వరకు ఆఫీసు ఆవరణలో ఆ పదం వాడరాదు."

"ఏ పదం?"

"ఇప్పుడు మీరు వాడినది."

"మరేమని అడగాల?"

"అడగరాదు."

పెంచలమ్మ బల్ల మీద కూర్చుంది. ఆమె కూర్చుందంటే ఒక పట్టాన లేవదని ఊళ్లో అందరికీ తెలుసు. దయాసాగర్ పక్క ఊరివాడు కాబట్టి తెలియదు.

"సారూ, ఆయన పొయ్యాడా లేదా?"

"పంచాయతీ వద్ద అట్టి సమాచారం లేదు."

"పెద్దకర్మకి నువ్వొచ్చినావు గదా నాయనా. మూడో వరసలో కూర్చున్నావు. వడ ఇంకోటి ఎయ్యమంటే నేనే తెచ్చి ఏసినా."

దయాసాగర్ సర్దుకున్నాడు. "అది నేను వ్యక్తిగత హోదాలో తిన్నాను. అధికార హోదాలో నాకేమీ తెలియదు."

"వడ రెండు హోదాలకీ కలిపి ఏసినా."

"చూడండమ్మా," అని అతను రిజిస్టరు తీసి ఆమె వైపు తిప్పాడు. "ఈ ఏడు మన పంచాయతీ నుంచి ఎనిమిది మంది వలస వెళ్లారు. ఒక్కరూ మరణించలేదు."

పెంచలమ్మ ఏడో తరగతి చదివింది. వేలు పెట్టి చదువుకుంటూ పోయింది. వలస వెళ్లినవాళ్లలో మొదటిది మంచంలో మూడేళ్లున్న తొంభై ఏళ్ల చెన్నమ్మవ్వ. 'గమ్యస్థానం: తెలియపరచలేదు. తిరిగి వచ్చు తేదీ: తెలియపరచలేదు' అని రాసుంది. మిగతా ఏడుగురూ అంతే. అందరూ ఎక్కడికో చెప్పకుండా వెళ్లారు.

"అయితే మా ఆయన కూడా వలస పొయ్యాడనే రాయి, ఆ కాయితమే ఇయ్యి."

"వలస పత్రంతో కరెంటు సర్వీసు మారదు. పైగా తొమ్మిదో వలస రాస్తే ఊళ్లో కరువుందని వేరే శాఖవారు వస్తారు." దయాసాగర్ కాస్త మెత్తబడ్డాడు. నిజానికి చెడ్డవాడు కాదు, ప్రమోషన్ రావలసినవాడు. "ఒక్క మాట వినండి. మార్చి ముప్పై ఒకటితో సంవత్సరం ముగుస్తుంది. ఏప్రిల్ ఒకటిన ఆఫీసు తెరవగానే మొదటి ఎంట్రీ మీ వారిదే. ఆ రోజే మరణించినట్టు వ్రాస్తాను. ఈ ఇరవై ఐదు రోజులూ ఆయన్ని ఇట్లాగే ఉండనివ్వండి."

"నేనుండనియ్యకుంటే మాత్రం ఏం జేస్తాడు?" అని పెంచలమ్మ లేచింది.

ఇంటికి పోతూ లెక్క వేసుకుంది. ఇరవై ఐదు రోజులంటే పిందె పోతుంది. చెట్టు నిలుస్తుంది. నిలబెట్టుకోవాలి.

రవణయ్య బోరులో నీళ్లు తన తోటకే చాలీచాలనట్టు ఉండేవి. అయినా పొద్దున గంట సేపు సిమెంటు తొట్టి నింపి వదిలేవాడు. పెంచలమ్మ ఆ తొట్టిలోంచి బిందెతో మోసి, చెట్టుకి రెండు బిందెల లెక్కన, రోజుకి ఇరవై చెట్లకు పోసేది. నూట అరవయ్యో చెట్టు దగ్గరికి పోయేసరికి మొదటి చెట్టు మళ్లీ ఎండిపోయి చూస్తుండేది.

"ఎట్టా ఉండాడు వదినా మా అన్న?" అనేవాడు రవణయ్య, గట్టు మీద నిలబడి.

"బతికుండాడు రవణయ్యా. పంచాయతీ వాళ్లు మంచిగా చూసుకుంటా ఉండారు."

మార్చి ఇరవయ్యో తారీకున పోటీ తనిఖీకి మండలం నుంచి విస్తరణాధికారి కోదండపాణి వస్తున్నాడని తెలిసింది. దయాసాగర్ ఊరంతా తిరిగి సర్దాడు. బస్సు ఆగే చోట ఫ్లెక్సీ దగ్గర ఆగి చెమట తుడుచుకున్నాడు. విప్పేస్తానంటే రవణయ్య ఒప్పుకోలేదు, మా అన్న ఫొటో దించితే నీ బోర్డు దించుతానన్నాడు. చివరికి ఇద్దరూ ఒక రాజీకి వచ్చారు. 'కన్నీటి వీడ్కోలు' మీద కాయితం అంటించి 'జన్మదిన శుభాకాంక్షలు' అని రాశారు. ఫొటోకి ఆ మాటే బాగా నప్పింది. బస్సు దిగిన పొరుగూరి వాళ్లిద్దరు చూసి, చెంగయ్య ఇల్లెక్కడ అని అడిగి, పెంచలమ్మకు మిఠాయి పొట్లం ఇచ్చి పోయారు.

కోదండపాణి లావుపాటి మనిషి, మెడలో రెండు గుర్తింపు కార్డులు. ఊళ్లో ఎవరో ఒక పెద్ద వయసు మనిషిని చీటీ తీసి ఎంపిక చేసి, స్వయంగా విచారించి రాయాలని నియమం. చీటీ తీశాడు. చెంగయ్య పేరు వచ్చింది. దయాసాగర్ ముఖం సున్నం కొట్టినట్టయింది.

పెంచలమ్మ అప్పుడే బిందె దించి అరుగు మీద కూర్చునుంది. ఇద్దరూ వచ్చి ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నారు.

"చెంగయ్య గారు ఎక్కడమ్మా?" అన్నాడు కోదండపాణి, ఫారం తీసి.

"చచ్చిపొయ్యాడు నాయనా. తోటలో పూడ్చినాం."

కోదండపాణి ఫారం పైనుంచి కిందికి చూశాడు, తిరగేసి వెనక చూశాడు. "ఆ గడి లేదమ్మా. 'ఇంటి వద్ద ఉన్నారు', 'పొలం వద్ద ఉన్నారు', 'వలస' ఈ మూడే ఉన్నాయి."

"తోటలో ఉండాడు. ఆరడుగుల కింద."

"పొలం వద్ద ఉన్నారు," అని రాసుకున్నాడు. "రక్తపోటు, చక్కెర వ్యాధి ఏమైనా?"

"సార్, ఆయన చచ్చిపొయ్యాడు."

"అవునా కాదా, రెండే జవాబులు చెప్పాలమ్మా. చక్కెర వ్యాధి ఉందా?"

"ఇప్పుడు లేదు."

"నయమైనది." రాశాడు. "పొగ తాగుతారా?"

"మానేశాడు."

"ఎప్పటి నుంచి?"

"శివరాత్రికి నాలుగు రోజుల ముందు నుంచి."

"ఆహారం?"

"పెద్దకర్మ రోజు ఇస్తట్లో పెట్టినాం. కాకి వచ్చి ముట్టింది."

కోదండపాణి కలం ఒక క్షణం ఆగింది. "మితాహారం. పక్షులతో పంచుకొందురు," అని రాశాడు. ఆ తర్వాత దయాసాగర్ వైపు వంగి, "ఈ వయసులో మానసిక ఒత్తిడి ఎట్లా ఉన్నదో ఒక వాక్యం వ్రాయాలి" అన్నాడు.

"ఒత్తిడి ఏమీ కనపడదు సార్," అన్నాడు దయాసాగర్ నేల చూస్తూ.

పెంచలమ్మకు కోపం రావాలి. రాలేదు. ఎదురుగా ఇద్దరు చదువుకున్న మగవాళ్లు తన మొగుడు పోయిన సంగతి పూర్తిగా ఎరిగీ, చెమటలు కారుతుండగా అతనికి చక్కెర వ్యాధి నయం చేస్తున్నారు. అంత కష్టపడుతున్న మనుషుల మీద కోపం ఎట్లా వస్తుంది? మజ్జిగ ఇచ్చింది. కోదండపాణి తాగి, ఫారం కింద 'మొత్తంగా ఆరోగ్యం: అత్యంత సంతృప్తికరం' అని రాసి, 'ఇక్కడ సంతకం' అన్న చోట ఆమె వేలు పెట్టించబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నేను చెప్పింది ఇందులో లేదు గదా సారూ. నేను పెట్టను."

"సంతకం నిరాకరించినారు, అయినను ఉల్లాసముగా ఉన్నారు," అని రాసుకొని వెళ్లిపోయాడు.

ఏప్రిల్ ఒకటిన ఆఫీసు తాళం తీయకముందే పెంచలమ్మ మెట్ల మీద ఉంది. అప్పటికి తోటలో పిందంతా పోయింది. పడమటి వరసలో ఆకు ముడుచుకొని రాలడం మొదలైంది. పదిన్నరకు దయాసాగర్ వచ్చాడు. మెడలో దండ, చేతిలో ఇత్తడి జ్ఞాపిక. ముందురోజే ఫలితాలు తేల్చి, పొద్దున్నే మండలంలో పంచేశారు; పురస్కారం ఊటగుంటపాలేనికే వచ్చింది. మనిషి మాత్రం చెప్పుదెబ్బ తిన్నట్టున్నాడు.

"ఏం నాయనా, బోణీ మా ఆయనదే అంటివి గదా."

అతను జేబులోంచి కాయితం తీసి చదివాడు. "నూతన సంవత్సరమునకు లక్ష్యము. ప్రతి పంచాయతీ గత సంవత్సరము కన్నా కనీసం ఒక మరణము తగ్గించి చూపవలెను. చూపని యెడల పురస్కారము వెనుకకు తీసుకొని, కార్యదర్శిపై చర్య తీసుకొనబడును."

పెంచలమ్మ వేళ్ల మీద లెక్క చూసుకుంది. "నిరుడు మీది సున్నా గదా."

"సున్నా."

"అందులో ఒకటి తగ్గించాలా?"

"తగ్గించాలి. నిన్న సాయంత్రమే ఫోన్ చేసి అడిగాను. సున్నాను సాకుగా చూపుట నిర్లక్ష్యముగా భావించబడునని చెప్పారు." దండలోంచి ఒక బంతిపూవు తెంపి నలిపాడు. "ఈ పరిస్థితుల్లో నేను మీ వారిని ఎట్లా వ్రాయగలను? ఒకరు తగ్గాల్సిన చోట ఒకరు పెరుగుతారు."

"అయితే ఇంగెప్పుడు?"

"ఎప్పుడూ వీలు కాదమ్మా. ఈ పోటీ ఉన్నంతకాలం ఈ ఊళ్లో ఎవరూ..." అని ఆగిపోయాడు. ఆ పదం మీద నిషేధం ఇంకా ఉంది.

ఆ పొద్దు పెంచలమ్మ తోటకి పోయి బిందె ఎత్తలేదు. రాలిన ఆకుల్లో కాళ్లు చాపుకొని కూర్చుంది. రవణయ్య వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

"ఆఫీసులో ఒకటే ఫోన్లంట వదినా," అన్నాడు. "ఆ లావుపాటాయన కూడా వచ్చి కూర్చున్నాడు. మైనస్ ఒకటి ఎట్టా తేవాలని చూస్తా ఉండారు. పుట్టినోళ్లని కలుపుదామంటే అది వేరే రిజిస్టరంట. వాళ్లకిప్పుడు చచ్చి లేచొచ్చిన మనిషి ఒకడు కావాలంట. యాడన్నా దొరకతాడేమోనని నన్నడిగితే, మా ఊళ్లో చచ్చినోళ్లంతా వలస పొయ్యారు గదా సారూ, లేచేదానికి ఎవురుండారూ అన్నా."

అతను నవ్వాడు. పెంచలమ్మ నవ్వలేదు. చీర కొంగు దులుపుకొని లేచింది.

"రవణయ్యా, లేచి రావాలంటే ముందు చచ్చుండాల గదా?"

"మా అన్న చచ్చే ఉండాడు గదా."

"నీకూ నాకూ కాదబ్బయ్యా. కాయితం మీద."

ఆఫీసులో కోదండపాణి, దయాసాగర్ తెల్లకాయితాల మీద తీసివేతలు చేస్తూ కూర్చున్నారు. పెంచలమ్మ బల్ల మీద కూర్చొని సూటిగా చెప్పింది. "మీకు లేచొచ్చిన మనిషి కావాలంట గదా. మా ఆయన్ని లేపుకోండి."

ఇద్దరూ తలెత్తారు.

"ముందు చచ్చినట్టు రాయండి. తర్వాత లేచినట్టు రాసుకోండి. చచ్చింది నిరుటి రిజిస్టర్లోకి పోద్ది, లేచింది ఈ యేటి దాంట్లోకి వస్తది. మీ ఒకటీ తగ్గుద్ది."

కోదండపాణి మెల్లగా కళ్లద్దాలు తీశాడు. "దయాసాగర్ గారూ, గత సంవత్సరపు ఫలితాలు వెలువడినవి గదా?"

"వెలువడినవి సార్. పురస్కారం కూడా అందినది."

"అనగా పోటీ లెక్క ముగిసినది. ఇప్పుడు పాత సంవత్సరంలో మరణించుటకు ఎవరికైనను అభ్యంతరం ఉండరాదు."

"ఉండరాదు సార్."

"ఈమె భర్త వాస్తవంగా ఏ తేదీన..." కోదండపాణి గొంతు సవరించుకున్నాడు. ఆ ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు.

పెంచలమ్మ తేదీ చెప్పింది, వేళ చెప్పింది. దయాసాగర్ రాసుకున్నాడు. ఆ రిజిస్టరులో ఒక నిజం పడటం రెండేళ్లలో అదే మొదటిసారి. సాయం చేస్తున్నట్టు దాని చుట్టూ అబద్ధాలు కూడా చకచకా పేర్చుకున్నారు. ఇన్నాళ్లు ఆలస్యంగా నమోదు చేస్తే కారణం రాయాలి. కోదండపాణి ఆలోచించి చెప్పాడు, దయాసాగర్ రాశాడు: 'మరణించిన వ్యక్తి సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్నందున ముందుగా నమోదు చేయుటకు వీలు పడలేదు.' దాన్ని ఇద్దరూ రెండుసార్లు చదువుకొని, లోపం లేదనుకున్నారు. తహసీల్దారు అనుమతి రావాలి. మామూలుగా నలభై రోజులు. కోదండపాణి ఫోన్ చేస్తే మధ్యాహ్నానికి వచ్చింది. నాలుగింటికి ధ్రువపత్రం తయారైంది. ముద్ర కూడా గట్టిగా, రెండుసార్లు కొట్టారు.

దయాసాగర్ దాన్ని ఫైల్లో పెట్టబోయాడు.

"ఆగు నాయనా. అది నా చేతికి రావాల."

"ఎట్లాగూ నాలుగు రోజుల్లో రద్దవుతుంది గదమ్మా. లేచినట్టు పత్రం తయారు కాగానే ఇది చెల్లదు."

"అదే నేను చెప్పేది. మొగుడు చచ్చిపోయిన సంగతి పెళ్లానికి తెలపకుండా లేపినారనుకో. రేపు పైనోళ్లు అడగరా? ఆమెకి తెలవనే తెలవదు, ఇంగ లేచేదేందీ అనరా?"

కోదండపాణి చెయ్యెత్తాడు. "సబబైన మాట. సంబంధిత వ్యక్తికి సమాచారం అందజేయనిదే తదుపరి చర్య చెల్లదు. ఇవ్వండి. అందినట్టు సంతకం తీసుకోండి."

ఆ ఒక్క సంతకం పెంచలమ్మ పెట్టింది.

బయటికొచ్చి గుమ్మం పక్కన నిలబడి కాయితం చదువుకుంది. పేరు, తండ్రి పేరు, తేదీ, చోటు: నిమ్మతోట. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పెద్దకర్మ నాడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇన్నాళ్లూ ఆయన్ని తోటకీ బిందెకీ ఫారానికీ మధ్య తిప్పుతూనే ఉన్నారు. ఇప్పుడు పోయినట్టనిపించింది. కొంగుతో ముఖం తుడుచుకొని కరెంటు ఆఫీసుకు నడిచింది.

మర్నాడు సాయంత్రానికి సర్వీసు ఆమె పేరుకు మారింది. ఖాజా సైకిలు గట్టు మీద పడేసి, ఫీజులు పెట్టి, మీట నొక్కాడు. మోటారు కాసేపు దగ్గి నీళ్లు కక్కింది. ముందు ఎర్రగా, తర్వాత తెల్లగా.

నాలుగో రోజు పొద్దున్నే జీపొకటి తోట దగ్గర ఆగింది. కోదండపాణి, దయాసాగర్, ఒక ఫొటోగ్రాఫరు. ఫొటోగ్రాఫరు చేతిలో శాలువా ఉంది. చెంగయ్యకు కప్పడానికని తెచ్చారు. ఎవరి భుజాల మీద కప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

పెంచలమ్మ చీర పైకి దోపుకొని, పారతో మూడో వరసకి నీళ్లు మళ్లిస్తోంది. ముడుచుకున్న ఆకులు కొన్ని అప్పుడే విచ్చుకుంటున్నాయి. పడమటి వరసలో నాలుగు చెట్లు పోయాయి. మిగతావి ఉన్నాయి.

"పత్రం సిద్ధమైందమ్మా," అని దయాసాగర్ ఫైలు తెరిచాడు. "ఒక్క సంతకం." చదివి వినిపించాడు. "నా భర్త చెంగయ్యను ప్రాణములతో, అవయవములన్నియు సక్రమముగా ఉండగా, ఎట్టి లోపము లేకుండా పంచాయతీ వారి వద్ద నుండి స్వీకరించితిని."

"స్వీకరించితిని," అని పెంచలమ్మ ఆ మాట ఒకసారి అనుకొని చూసింది. "మనిషేడీ?"

"ఎవరమ్మా?"

"మా ఆయన. తెచ్చినారా?"

దయాసాగర్, కోదండపాణి ఒకరినొకరు చూసుకున్నారు. "అది లాంఛనమమ్మా," అన్నాడు కోదండపాణి. "కాగితం వరకే."

"మీరేమో తెచ్చి అప్పజెప్పినామంటా ఉండారు. నేనేమో అందినాడని సంతకం పెట్టాల. అందకుండా ఎట్టా పెడతా సారూ? రేపు ఎవురన్నా వచ్చి, మొగుణ్ణి తీసుకుంటివే, యాడ పెడితివమ్మా అంటే ఏం చెప్పేది?" ఆమె పార నేలకానించింది. "సంతకం పెడితే ఆయన బతికినట్టు. బతికితే సర్వీసు మళ్లీ ఆయన పేరుకి పోద్ది. అప్పుడు యేలిముద్ర ఎవురు ఏస్తారు, మీరేస్తారా?"

దయాసాగర్ ఫైలు ఆమె వైపు తిప్పాడు. "సంతకం లేకుంటే నమోదు కాదు. నమోదు కాకుంటే లక్ష్యం తప్పుతుంది. మీ ధ్రువపత్రం పొరపాటున జారీ అయినదని మేము రద్దు చేయాల్సి వస్తుంది."

"చెయ్యి నాయనా. పొరపాటని రాయి. పొరపాటున రాసింది నువ్వు, ముద్ర కొట్టింది ఆయన. ఆలస్యానికి కారణం కూడా మీరే రాసినారు గదా, పైనోళ్లకి చదివి వినిపించు."

కోదండపాణి ఆ వాక్యం గుర్తు తెచ్చుకున్నాడు. ఫైలు లాక్కొని మూసేశాడు, మళ్లీ తెరిచాడు. ఏ గడిలోనూ దీనికి జవాబు లేదు. ఫొటోగ్రాఫరు శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మా," అన్నాడు దయాసాగర్, మొదటిసారి మామూలు మనిషిలాగా. "నా ఉద్యోగం పోతుందమ్మా. మీరేం కోరితే అది చేస్తా. సంతకానికి ఏం కావాలో చెప్పండి."

పెంచలమ్మ అతని వైపు చూసింది. పాపం, చిన్నవాడు. దండ వేసుకున్నప్పుడు కూడా నవ్వలేనివాడు.

"ఆయన్ని తీసుకురా నాయనా," అంది మెత్తగా. "దక్షిణం మూల ఉండాడు. లేచి ఈ గట్టు దాకా నడిచొస్తే చాలు, నేను ఒక్క సంతకం కాదు, మీరు పెట్టమన్న ప్రతి కాయితం మీదా పెడతా. నాకేం కష్టం?"

నీళ్లు రెండో వరస దాటి మలుపు తిరిగి, సన్నగా చప్పుడు చేస్తూ వాళ్ల వైపు రాసాగాయి.

"కాస్త ఇటు జరగండయ్యా," అంది పెంచలమ్మ, పార ఎత్తి. "కాలవలో నిలబడుండారు."